సారు టీం గెలవకూడదు

ఇంగ్లాండులో ఎక్కడో ఓ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఓడిపోవాలని మూడేళ్లు కోరుకున్నవాణ్ణి నేను. మాది జగిత్యాల వైపు పల్లె. ఆ ఆటే మా బడిలో ఆడేవాళ్లం కాదు. ఇక ఆ క్లబ్బుతో నాకేం పగ? ఏమీ లేదు. కానీ అది గెలిస్తే నా ఉద్యోగం పోతుంది.

గల్ఫ్‌లో, అల్ ఖౌద్ అనే ఊళ్లో ఓ కంపెనీ మేనేజరుకు నేను డ్రైవర్ని. ఆయన ఇంగ్లాండు మనిషి, అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులతో బండి నడపలేరు. చిన్నప్పటి నుంచి ఆయన ప్రాణం పెట్టుకున్న క్లబ్బు, నేను చేరిన ఏడే కింది డివిజన్‌కు పడిపోయింది. "మళ్లీ పైకెక్కిన రోజు రాజీనామా ఇచ్చేస్తాను. ఇంటికి పోయి ప్రతి శనివారం గ్రౌండులోనే కూర్చుంటాను" అన్నారు కారులో. మంచిదే సార్ అన్నాను. ఆ వారమే ఆఫీసులో తెలిసింది, ఈ సారు వెళ్లిపోతే డ్రైవర్ పోస్టే తీసేస్తారని. నాకేమో యాభై దగ్గర పడుతున్నాయి. ఈ వయసులో కొత్త వీసా ఎవడిస్తాడు? కూతురు అప్పుడే నర్సింగ్‌లో చేరింది.

మొదటి సీజన్ నాకు హాయిగా గడిచింది. వరసగా ఓడారు, కోచ్‌ను మార్చారు, మళ్లీ ఓడారు. ఇంకా కిందికి పోతారేమోనని సారు గోళ్లు కొరుక్కుంటుంటే, పోతే పోనీ, నాకు ఇంకో రెండేళ్లు ఢోకా ఉండదు అనుకునేవాణ్ణి. చివరికి ఎలాగో నిలబడ్డారు.

రెండో సీజన్లో ఓ శనివారం బర్కా నుంచి వస్తూ సముద్రం పక్కన కారాపి, ఫోన్లో కామెంటరీ విన్నాం. గెలిచారు. ఇక అదే సెంటిమెంట్. ప్రతి మ్యాచ్‌కూ అక్కడికే పోవాలి, అదే గోడ పక్కన ఆపాలి. సెంటిమెంట్లు మనకు కొత్తవా? దాన్ని చెడగొడదామని ఓసారి, టైర్లు ఇసుకలో దిగబడతాయి సార్ అని చెప్పి కారు దూరంగా ఆపాను. ఆ రోజు మూడు గోల్స్ కొట్టారు. అప్పట్నుంచి ఆ చోటే లక్కీ అయి కూర్చుంది. నా ఖర్మ. అయినా ఆ ఏడు పైకెక్కలేకపోయారు.

మూడో సీజన్లో నాకు నిద్ర కరువైంది. కొత్తగా వచ్చిన స్ట్రైకర్ కాలు పెడితే గోలే. శనివారం వస్తోందంటే అన్నం సహించేది కాదు. సారు టీం ఆడుతోంది, మనకోసం దేవునికి మొక్కు అని ఇంట్లో ఆమెకు ఫోన్లో చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. కొన్నాళ్లకు ఆమే చెప్పింది.

"రాజన్న గుడిల కోడె కడతనని మొక్కిన. మీ సారు టీం గెలువాలె అని."

"గెలుసుడేందే? ఓడాలని మొక్కాలె గదా!"

"నాకేమెరుక? సారు నవ్వుతుంటెనే మనం సల్లగుంటమనుకున్న."

"మల్ల పోయి మాట మార్చు."

"దేవునితోని గట్ల మాట మారుస్తరా?" అని ఫోన్ పెట్టేసింది.

ఆఖరి మ్యాచ్ గెలిస్తేనే పైకి, డ్రా అయితే లేదు. ఆట ముగియవస్తోంది, చెరో గోల్. సారు ఫోన్ నా చేతిలో పెట్టి, "నావల్ల కాదు. నువ్వు విని వచ్చి చెప్పు" అంటూ దిగి, కుంటుకుంటూ నీళ్ల వైపు నడిచారు. డ్రా, డ్రా అని జపం చేస్తూ కూర్చున్నాను.

స్ట్రైకర్‌కు బంతి అందింది. కామెంటరీ చెప్పేవాడు గోల్, గోల్ అని గొంతు చించుకుంటున్నాడు. నా చెయ్యి హారన్ మీద పడింది. ఆపకుండా కొడుతూనే ఉన్నాను. సారు వెనక్కి తిరిగేసరికి నేను కారు దిగి ఇసుకలో పరుగెడుతున్నాను. నీ వీసా పోయింది, ఎవడికోసంరా ఈ పరుగు అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను, కాళ్లు ఆగడం లేదు. సగం దూరంలో ఉండగా చేతిలోని ఫోన్లో ఆట ముగిసిన విజిల్ వినిపించింది.

"గెలిచినం సార్" అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆయనకు అర్థమైంది. నన్ను పట్టుకుని ఏడుస్తూ, రేపే రాజీనామా పంపుతానన్నారు. నా ఉద్యోగం ఆ ఇసుకలోనే పోయింది. ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. అయినా నాకు సంతోషంగానే ఉంది, ఏం చేయను.