లాంతరు ఆరిన బావి

డిగ్రీలో నేను చదివింది రసాయనశాస్త్రం. ఆ చదువు కావాలన్నవాళ్లు ఎక్కడా తగలకపోవడంతో, డెబ్బైలలో ఒక ఎండాకాలం వ్యవసాయం చేద్దామని మా నాన్న తమ్ముడైన కాక ఇంటికి చేరాను. గోదావరిఖని నుంచి సైకిల్ మీద వచ్చేంత దూరంలో ఊరు. కాక పొద్దున బొగ్గుబాయిలో డ్యూటీ చేసి, మధ్యాహ్నం దాటాక పొలానికి వచ్చేవాడు. ఆయన లేనప్పుడు పొలం ఆయన కొడుకుది. బడి మధ్యలో మానేసి నాగలి పట్టినవాడు. ఊళ్లోవాళ్లకు నన్ను ఇలా పరిచయం చేసేవాడు:

“మా అన్న. చదువుకున్నడు. అయినా మంచోడే.”

నేను ఎద్దులను ‘మీరు’ అని పిలిచేవాణ్ని. నేను ఏమన్నా నవ్వడం వాడికి అలవాటైపోయింది.

ఆ ఏడు వంకాయ తోట వాడిపోతోంది. తోట ఎండితే నిన్ను కూడా బొగ్గుబాయిలో పెట్టిస్తానని కాక కొడుకుతో అన్నాడు. రోజూ గనిలోకి దిగడమంటే తమ్ముడికి ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకని, ఏళ్లుగా తాటాకులు కప్పి వదిలేసిన పాత రాతి బావిలో పూడిక తీస్తే నీళ్లు పడతాయని, వాళ్ల నాయిన రాకముందే మొదలుపెట్టాడు.

తాటాకులు లాగేసరికి కుళ్లిన ఆకుల వాసన వచ్చింది. లోపల ఒక్క కప్ప కూడా అరవలేదు. తమ్ముడు లాంతరుకు తాడు కట్టి దించాడు. సగం దాటాక మంట చిన్నదై ఆరిపోయింది. వెలిగించి మళ్లీ దించాడు. మళ్లీ అక్కడే ఆరింది. బయట ఆకు కదలడం లేదు.

“దిగకురా. దీపానికి అందని గాలి నీకూ అందదు.”

“మళ్ల మొదలువెట్టినవా, అన్నా?”

“నవ్వులాట కాదు.”

“ఎప్పుడూ గట్లనే అంటవు.”

“దీపం ఎందుకు దించుతరో తెలుసా నీకు?”

“పాములున్నయేమో చూసెతందుకు. నాయిన ఎప్పుడూ దించుతడు.”

లాంతరుతో పని కావడం లేదని గుడిసెలోంచి బ్యాటరీ లైటు తెచ్చి, దాన్ని తాడుతో దించాడు. అది అడుగుదాకా చక్కగా వెలుగుతూ పోయింది. బురద, కుండ పెంకులు కనిపించాయి. పాము లేదు.

“చూసినవా? ఇది ఆరదు.”

నిజమే, ఆరలేదు. దానికి గాలితో పని లేదు. కనీసం నడుముకు తాడన్నా కట్టుకోమని బతిమాలాను. “నీ చదువు వృథా పోవద్దు గద” అని కట్టించుకున్నాడు. రెండో కొస వేపచెట్టుకు చుట్టి పట్టుకున్నాను. రాళ్ల సందుల్లో కాళ్లు పెట్టి, మాట్లాడుతూనే దిగాడు.

“అన్నా, ఈడ మస్తు చల్లగున్నది.”

కాసేపటికి, “అన్నా, కాళ్లు…” అన్నాడు. తాడు బరువెక్కింది.

నేను లాగాను. మనిషి జానెడు లేచి ఆగిపోయాడు. కాక సైకిల్ దిగింది అప్పుడే. సైకిల్‌ను దారిలోనే పడేసి వచ్చి తాడు పట్టాడు. ఇద్దరం కలిసి పైకి తీశాం. తమ్ముడి పెదాలు నల్లబడ్డాయి. చాలాసేపటికి దగ్గాడు, వాంతి చేసుకున్నాడు.

“దీపం దించలేదా?” అన్నాడు కాక.

“దించిండు. ఆరింది. బ్యాటరీ లైటు తెచ్చిండు.”

కాక బావి వైపు చూశాడు. “ఎందుకు ఆరుతదో నీకు తెలుసునా?”

“తెలుసు.”

“నాకు దాని పేరు తెల్వదు. ఆరితే దిగొద్దని తెలుసు. గంతే. వానికి గది గూడ చెప్పలే.”

తోట మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. మర్నాడు కాక డ్యూటీ మానేసి, లోపలి చెడుగాలి పోయేలా కొమ్మల మోపు తాడుకు కట్టి బావిలో పైకీ కిందికీ ఆడించాడు. బిందెలతో నీళ్లు గుమ్మరించాడు. ఎండ నడినెత్తికి వచ్చాక లాంతరు అడుగుదాకా వెలుగుతూ పోయింది.

“నువ్వు దిగు” అన్నాడు నాతో. “వాడు లేవలేడు. నిన్ను గుంజే సత్తువ నాకున్నది, నన్ను గుంజే సత్తువ నీకు లేదు.”

కాదనడానికి నా డిగ్రీలో ఏమీ దొరకలేదు. నడుముకు తాడు కట్టాడు, చేతికి లాంతరు ఇచ్చాడు. వేపచెట్టు కింద మంచం మీద పడుకున్న తమ్ముడు నేను దిగుతున్నంతసేపూ అడుగుతూనే ఉన్నాడు.

“అన్నా, వెలుగుతుందా?”

“వెలుగుతుంది.”

“అన్నా, వెలుగుతుందా?”

“వెలుగుతుంది.”

మూడోసారి అడిగినప్పుడు మంట కొంచెం వంగినట్టనిపించి, దాన్నే చూస్తూ ఉండిపోయాను. జవాబు ఆలస్యమైంది. పైన కాక పట్టిన తాడు నా నడుం దగ్గర బిగుసుకుంది.