నేలవేము తాగే సాంబయ్య గారు

2022 చివర్లో నేను సత్తెనపల్లిలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. తెల్లారగానే ఫాస్టింగ్ షుగర్ వాళ్లు వచ్చేవారు. అంటే రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి రక్తం ఇవ్వాల్సినవాళ్లు. వాళ్లలో సాంబయ్య గారంటే నాకు హడల్.

ఆయన మిరప రైతు. కంట్లో శుక్లం. షుగర్ దిగితేనే ఆపరేషన్ అని డాక్టర్ గారు తేల్చేశారు. చూస్తే కోతలు దగ్గరపడుతున్నాయి. కళ్లంలో ఎర్రకాయేదో, రంగు పోయిన తాలుకాయేదో కనపడకపోతే పంట ఎలా అమ్ముకోవాలని ఆయన బెంగ. బిళ్లలు మింగుతున్నారు, అన్నం తగ్గించారు, అయినా షుగర్ కదలడం లేదు.

"మీ మిషనుకే షుగరొచ్చిందమ్మాయ్," అన్నారు ఆ రోజు. "బిళ్లలు కాక రోజూ నేలవేము కషాయం కూడా తాగుతున్నా. ఎందుకు దిగదూ?"

నేలవేము మాటెత్తితే ఇక ఆయన్ని ఆపలేం. "భూనింబ అన్నా, కాలమేఘ అన్నా అదే. జ్వరానికదే, కామెర్లకదే, పిల్లల కడుపులో పురుగులకీ అదే. మా నాయనమ్మ ఆ ఆకు చూపిస్తే చాలు, జ్వరం పారిపోయేది!"

"అంత చేదు ఎలా తాగుతున్నారండీ?" అన్నాను విసుగ్గా.

పక్కనే ఉన్న ఆయన భార్య రత్తమ్మ గారు గర్వంగా అందుకున్నారు. "నేనే దగ్గరుండి తాగిస్తానమ్మా. గ్లాసు దించగానే ఇంత బెల్లంముక్క నోట్లో పెడతా." చేత్తో నిమ్మకాయంత చూపించారు.

సూది పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. "ఇవాళ కూడానా?"

"మానితే ఎట్టా? తాగాకే బస్సెక్కాం."

"మరి పరగడుపునే వచ్చామన్నారు!"

"పరగడుపునేగా!" సాంబయ్య గారికి కోపమొచ్చింది. "మందు తిండెట్టా అవుద్దమ్మాయ్?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంగతి డాక్టర్ గారికి చెప్పాను. ఆయన బెల్లం మానిపించారు. బెల్లం లేకపోతే కషాయం గొంతు దిగక, సాంబయ్య గారు అదీ మానేశారు. బిళ్లలు మాత్రం ఆపలేదు. షుగర్ దారికొచ్చింది, కోతలకు ముందే ఆపరేషన్ అయింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

పరగడుపున వచ్చామని ఎవరన్నా, "మందు తాగారా? దాని వెంట ఏం తిన్నారు?" అని ఇప్పటికీ తరచి తరచి అడుగుతాను. ఆయన నేర్పిన పాఠమే అది.

ఆయన నేర్చుకున్న పాఠం వేరు. నల్లకళ్లద్దాలతో వచ్చి, ఎండిన నేలవేము కట్ట ఒకటి నా బల్ల మీద పెట్టారు.

"చూశావా అమ్మాయ్ దీని మహిమ? తాగడం మానేసినా ఇంకా పనిచేస్తానే ఉంది!"