పరాయి ఊళ్ళో సొంత తాళం

తాళాల మేస్త్రికి లోకం మీద నమ్మకం లేకపోవడం లోకం తప్పు కాదు, ఆయన వృత్తి తప్పు. తాళంచెవులు పారేసుకున్నవాళ్ళ తలుపులు తెరిచీ తెరిచీ, ఎంత గట్టి తాళమైనా ఎంత తేలిగ్గా లొంగిపోతుందో చూసినవాడు. తాడు కనిపించినా పామే అంటాడు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటికి వెళ్ళి, మామగారి కంటే ముందు వీధి తలుపు గడియని పలకరించాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషి, కూతురు అంతర్జాతీయ పోటీల్లో పరుగెడుతోందని దేశం కాని దేశం వచ్చాడు. రాగానే, అడుగున మేకులుండే ఆమె పరుగు బూట్లు అడిగి తీసుకున్నాడు.

“మీ గదుల్లో ఎవరైనా దూరి మేకులు వదులు చేస్తే? ఆ పక్క గది పొడుగు పిల్ల నీ బూట్లకేసే చూస్తోంది. దాని మీద ఓ కన్నేసి ఉంచు.”

“ఆ అమ్మాయి అందరికేసీ అలాగే చూస్తుంది నాన్నా.”

“అదే నేను చెప్పేది!”

కూతురు నవ్వి బూట్లు ఇచ్చేసింది. ఆయనతో వాదించడం కంటే పరుగెత్తడమే సుఖం.

పరుగు సాయంత్రం. ఈలోగా ఊరు చూద్దామనుకున్నాడు మేస్త్రి. జేబుదొంగల భయంతో ఫోను కూడా తన బస గదిలో బూట్ల పక్కనే పెట్టి, గదికి ఉన్న తాళం చాలదని తను చేసిన తాళం ఇంకొకటి వేశాడు. బస ఇచ్చిన ఇంటావిడ నవ్వుతూ కాగితం మీద గీతలు గీసి వంతెనకీ, సంతకీ దారి చూపించింది. ఇంత ఓపిగ్గా చెబుతోందంటే నన్ను దూరంగా తోలడానికే అనుకున్నాడాయన.

వీధుల నిండా జెండాలు, ముఖాలకు రంగులు పూసుకున్న జనం. సైకిళ్ళకు తాళాల్లేవు. దుకాణం బయట పళ్ళ బుట్టలకు కాపలా లేదు. “ఇదంతా ఎర,” అని గొణుక్కున్నాడు. ఎవరో పిల్ల చెంప మీద జెండా బొమ్మ వెయ్యబోతే జేబు పట్టుకుని వెనక్కి గెంతాడు.

వంతెన సగం దాటాక వెనక నుంచి కేక వినిపించింది. ఇంటావిడ మొగుడు, భారీ మనిషి, రొప్పుతూ పరుగెత్తుకొస్తున్నాడు. ఏదో అరుస్తూ, పిడికిలి బిగించి గాల్లో గట్టిగా ఓ మెలి తిప్పాడు.

మెడ విరిచేస్తానంటున్నాడు! మేస్త్రి కాళ్ళకు బుద్ధి చెప్పాడు. సంతలోకి దూరి గొడుగుల దుకాణం వెనక నక్కాడు. అక్కడికీ వచ్చాడా మనిషి. మళ్ళీ అదే సైగ. ఈయన కనిపించిన ట్రాము ఎక్కి, తెలియని చోట దిగి, సందులు పట్టి తిరిగాడు. భయం ఒక పక్క, వాణ్ణి బోల్తా కొట్టించానన్న సంబరం ఒక పక్క. బూట్లు అందించే వేళ దగ్గర పడుతుంటే దారి వెతుక్కుంటూ బసకు చేరి, పెరటి గుమ్మంలోంచి దొంగలా లోపలికి వెళ్ళాడు.

గది ముందు మెట్ల మీద కూతురు కూర్చుని ఉంది. పక్కన సుత్తి, రంపం, వంగిపోయిన ఇనుప కమ్మీ.

“సాయంత్రం గాలివాన వస్తుందట నాన్నా. మా పరుగు మధ్యాహ్నానికే జరిపారు. ఫోన్ చేస్తే లోపల్నించే మోగుతోంది. పాపం, ఇంటాయన తాళంచెవి కోసం ఊరంతా నీ వెనకే తిరిగాడు.”

మేస్త్రి జేబులోని తాళంచెవి తడుముకున్నాడు. “మరి... పరుగు?”

“పరిగెత్తాను. పొడుగమ్మాయి తన రెండో జత ఇచ్చింది. కొంచెం వదులు.” ఆమె కాళ్ళవైపు చూసుకుంది. మడమలు రెండూ ఒరుసుకుపోయి ఉన్నాయి. “ముగ్గురిని ఫైనల్‌కి తీసుకున్నారు. నేను నాలుగో దాన్ని.”

ఇంటాయన అప్పుడే చెమటలు కక్కుతూ వచ్చాడు. మేస్త్రిని చూసి, అలిసిపోయిన చేత్తో పిడికిలి బిగించి మెల్లగా తిప్పాడు. జీవితమంతా తాళంచెవులు తిప్పిన మేస్త్రికి ఆ సైగ ఇప్పుడు అర్థమైంది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

“మంచి తాళం చేశావు నాన్నా,” అంది కూతురు, కోపం లేకుండా. “అందరం కలిసి కొట్టినా కదల్లేదు.”

ఆయన తాళంచెవి తీశాడు. తలకిందులుగా పెట్టాడేమో, అది తాళంలోకి దూరలేదు. కూతురే అందుకుని తిప్పింది.