గుమూర్ కుశలప్రశ్నలు

గుమూర్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: పలకరింపు. ఎడారిలో మనిషికి మనిషి ఎదురైతే ఎండ ఎలా ఉంది, ఇంటివాళ్లెలా ఉన్నారు, మేకలెలా ఉన్నాయి అని అడగడం మర్యాదే. అందరూ మేకల దగ్గర ఆగుతారు. గుమూర్ అక్కడ మొదలుపెడతాడు. మేకపిల్లలు, బావి చేదతాడు, కుంటి గాడిద, కోడలి పంటినొప్పి... అతను అడగడం మొదలుపెట్టినప్పుడు చంకలో ఉన్న పిల్లాడు, ముగించేసరికి తలపాగా చుట్టే వయసుకొచ్చాడని ఆయిర్ కొండల కింద చెప్పుకుంటారు.

అతని మేనత్త కూతురు ఘైషా, అతని ఒంటె కనబడితే చాలు, గుడారం వెనక నక్కేది. తెందె డోలు వాయించే ఆడవాళ్లకి ఆమె పెద్ద. ఉత్సవం రోజుల్లో ఆమెకి ఊపిరి తీసుకోవడానికే తీరికుండదు, గాడిద క్షేమం చెప్పడానికెక్కడిది?

ఆ ఏడు ఉత్సవానికి రఖ్మతా అవ్వ రానంది. ఒంటితీగ ఇమ్జాద్ మీద పాత బాణీలు పలికించే చెయ్యి ఆ చుట్టుపక్కల ఆమెదొక్కటే. భర్త పోయి మూడేళ్లయింది. అప్పట్నుంచీ ఆమె కమాను ముట్టలేదు. కమిటీవాళ్లు రెండుసార్లు వెళ్లి వట్టి చేతులతో వచ్చారు. ఉత్సవం రోజు తెల్లవారగానే ఘైషాయే బయల్దేరింది. దారి చూపించడానికి ఖాళీగా దొరికినవాడు గుమూర్ ఒక్కడే.

“బావా, దారిలో ఎవర్నీ పలకరించనని ఒట్టెయ్యి.”

“ఎదురుపడితే?”

“కళ్లు మూసుకో.”

“ఒంటె చూస్తుంది కదే! దాని పరువేం కాను?”

దారిలో నాలుగు గుడారాలు. నాలుగు చోట్లా దిగాడు. గుడారానికి మూడు గ్లాసుల చొప్పున పన్నెండు గ్లాసుల టీ తాగాడు. ఘైషా ఒంటె మీంచి దిగకుండా పళ్లు కొరికింది.

“మనం చేరేసరికి వచ్చే ఏడు ఉత్సవం మొదలవుతుంది!”

“మరీ మంచిది. ముందుగా వెళ్లి నీడలో కూర్చోవచ్చు.”

మధ్యాహ్నానికి చేరారు. అవ్వ గుడారంలోంచి తొంగిచూసి, “మళ్లీ వచ్చారూ? వాళ్లకి కావలసింది ఇమ్జాద్. ఈ ముసలిదాన్ని తలుచుకునే దిక్కెవరు?” అంది.

ఘైషా చూపు పక్కకి తిప్పేసుకుంది. అవ్వ అన్నది నిజమే మరి.

గుమూర్ మాత్రం ఇసకలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. “అవ్వా, మోకాళ్లెలా ఉన్నాయని కమ్మరి ఇల్యాస్ అడగమన్నాడు. నువ్విచ్చిన నల్లమేక కవలల్ని ఈనిందని మైముంత చెప్పమంది. తాత తవ్విన బావి నీళ్లు ఇంకా తియ్యగానే ఉన్నాయట, ఎండు ఖర్జూరాలమ్మే అఘాలీ మరీ మరీ చెప్పాడు...”

అలా గంట గడిచింది. ఒక్కరోజులో పోగేసిన సంగతులు కావవి. ఎవరింట పలకరింపు మొదలుపెట్టినా, చివర్లో “మన అవ్వకేం చెప్పమంటావు?” అని అడగడం అతనికి మూడేళ్ల అలవాటు. దారిపొడుగునా పలకరింపులతోనే పొద్దుపోయి, ఆమె గుడారం దాకా ఎప్పుడూ చేరలేదంతే. పలకరింపు చివరిదాకా ఎప్పుడూ ఆగని ఘైషాకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

“ఇక మా ఘైషా అయితే రోజూ నీ గురించే అడుగుతుంది” అని ముగించాడు. ఘైషా ముసుగు ముఖమ్మీదికి లాక్కుంది.

అవ్వ లేచింది. “ఇంతమంది అడిగితే జవాబివ్వకుండా కూర్చుంటానా? ఒంటెను కూచోబెట్టండి. ఆ ఇమ్జాద్ జాగర్త!”

తిరుగుదారిలో ఘైషా గొంతు తగ్గించి అడిగింది. “నేనెప్పుడడిగాను బావా? నువ్వొస్తే గుడారం వెనక దాక్కునేదాన్ని.”

“అంతసేపు అక్కడ నిలబడి ఏం ఆలోచిస్తావే పాపం? అవ్వ గురించే అయ్యుంటుందనుకున్నా.”

పొద్దు వాలేవేళ అవ్వ ఇమ్జాద్ ఒళ్లో పెట్టుకుంది. మొదట తీగ కాస్త అపస్వరం పలికింది. తర్వాత బాణీ దారిలో పడింది. డోళ్ల చుట్టూ తిరుగుతున్న ఒంటెలవాళ్లు కళ్లేలు బిగబట్టి ఆగిపోయారు.

పాట అయ్యాక ఘైషా జనంలోంచి వెతుక్కుంటూ వచ్చి గుమూర్ ఎదుట నిలబడింది. “నువ్వెలా ఉన్నావు బావా? నీ ఒంట్లో ఎలా ఉంది? నీ మేకలెలా ఉన్నాయి?”

గుమూర్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. అతని ప్రశ్నలయ్యేసరికి తిరిగి అడిగే ఓపిక ఇన్నేళ్లలో ఒక్కరికీ మిగల్లేదు. గొంతు సవరించుకుని, తలపాగా సర్దుకుని, పక్కన ఇసక చదును చేశాడు.

“కూర్చోవే. చాలా ఉంది.”