ఊట ఆలస్యమయ్యే చోటు

మొన్న మా తమిళనాడు హరూరులో కాలేజీకి వెళ్లే మా మనవరాలు, ఆకాశం మీదినుంచి తీసిన మా పెన్నేటి బొమ్మను ఫోనులో చూపించి, "అవ్వా, మన ఆరు ఎంత వంకరగా పోతావుందో చూడు" అంది, ఏటిని తమిళంలో ఆరనే అంటుందది. ఆ ఏటి ఒడ్డున పుట్టి, మేనమామ కొడుకునే చేసుకుని, ఆ ఒడ్డునే ముసలిదాన్నయిన నేను దాన్ని పైనుంచి చూడడం అదే మొదటిసారి. మా ఊరి దగ్గర ఏరు బాగా వంగి తిరిగేచోట బొమ్మను ఆపమన్నాను. ఎందుకో చెప్పేలోగా దానికి బస్సు వేళయింది. మీరైతే నా ఈడువాళ్లు, కాసేపు కూర్చుని వింటారు.

పల్లపు నేలకు చేరిన ఏటికి తొందర ఉండదు. వానలు పోయాక మా పెన్నేరు సన్నని పాయగా మిగిలి, వంపు దగ్గర అవతలి గట్టును కోసుకుంటూ, ఇవతల మాకు ఇసుక మేటలు వేసి వదిలేసేది. అందుకని లోతూ చల్లని ఊటా అవతలి ఊరివాళ్లకు, ఎండకు కాలే ఇసుక మాకు. ఆ అవతలి ఊరికే మా అక్కను ఇచ్చారు. పెళ్లిలో వడ్డన దగ్గర వచ్చిన ఏదో మాట పట్టింపై, అక్కను పుట్టింటికి పంపడం మానేశారు. మా ఇంటి పొగ అక్కకు, అక్క ఇంటి పొగ మాకు కనబడేంత దగ్గర ఉండి కూడా రాకపోకలు లేనివాళ్లమయ్యాం.

అప్పట్లో తాగే నీళ్లకు ఏట్లో ఇసుక తోడి చెలమ తీసేవాళ్లం. గట్టు కోసుకునే వైపు జానెడు తవ్వితే నీళ్లు పడతాయని ఆడపిల్లలందరికీ తెలుసు. అక్కా నేనూ మాత్రం ఏటి నడుమ, మేట ఎత్తుగా ఉన్నచోట, చేతులు మోచేతుల దాకా దిగబడేలా తోడేవాళ్లం. అక్కడ ఊట మహా ఆలస్యం. ఒక ముంత తోడుకుంటే మళ్లీ ముంతెడు ఊరేదాకా కూర్చోవాలి, ఆ కూర్చోవడం కోసమే అక్క అంత దూరం కాళ్లు కాల్చుకుంటూ వచ్చేది. గట్టు కింద నీళ్లలో ఎనుములు పడుకుని మురికి చేస్తాయని అత్తకు సాకు చెప్పేది. ఆవిడ నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నాకిప్పటికీ తెలియదు. బిందె నిండేలోగా అమ్మ మోకాళ్ల నొప్పి మొదలుకుని అక్కకు కడుపు నిలవకపోవడం దాకా అన్ని మాటలూ అయ్యేవి, ఏడవాలనిపిస్తే అక్కడే ఏడ్చి, ఆ నీళ్లతోనే ముఖం కడుక్కుని పోయేది.

కొన్నేళ్లకు వాళ్ల ఊళ్లో కొళాయిలు వేశారు. "రేపట్నించి నేను రాలేనే, వాకిట్లోనే పైపు పెట్టినారు. ఇంక ఏం చెప్పి వచ్చేది?" అంది అక్క. బరువు తప్పినందుకు సంతోషించాలో వద్దో తెలియక మంచిదే కదా అన్నాను. మరునాడు అలవాటుకొద్దీ అక్కడే తవ్వి కూర్చున్నాను. నీళ్లు ఊరుతూనే ఉన్నాయి, నాకే తోడబుద్ధి కాలేదు.

ఆ తర్వాత అక్కను పెళ్లిళ్లలో, చావుల్లో చూశాను తప్ప, నలుగురి మధ్య మనసు విప్పి మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడు అక్కే లేదు. ఏటి మీద వంతెన వచ్చింది, ఆ ఊరికి బస్సు పోతుంది, ఇసుకంతా లారీలకెక్కిపోయి ఏట్లో బండలు తేలాయి. మా ఇంట్లో అందరూ మంచివాళ్లే, కాని తెలుగులో అడిగితే తమిళంలో ఒక్క ముక్క జవాబిచ్చి లేచిపోతారు. కొళాయి తిప్పితే బిందె చిటికెలో నిండుతుంది. నిండాక కూడా కాసేపు అక్కడే నిలబడతాను, ఎందుకని ఎవరైనా అడిగితే ఏ సాకు చెప్పాలా అని వెతుక్కుంటూ. ఎవరూ అడగరు.