కోటేశ్వరరావు గారు కడిగేసిన బంపరు

కోటేశ్వరరావు గారు పోయారని ఫోను వచ్చేసరికి నేను పొదిలి బస్టాండులో గుంటూరు బస్సు కోసం చూస్తున్నాను. వెళ్తున్నది ఆయన దగ్గరికే, దెబ్బలాడటానికి. నా నమూనా కారు బంపరు ఆయన దగ్గరే ఉంది. నిన్న సాయంత్రం కూడా ఫోనులో నన్ను కసిరిన మనిషి తెల్లవారేసరికి లేరంటే నమ్మడం ఎలా? దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది.

ప్లాస్టిక్ నమూనా కార్లూ లారీలూ చేసుకునే మన కొద్దిమందికి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. నమూనా పెట్టెలో వచ్చే క్రోమ్ పూత భాగాల మెరుపును ఊడగొట్టి, తన చేత్తో కొత్త మెరుపు దిద్దడం ఆయన విద్య. "కంపెనీ మెరుపు గిల్టు నగ లాంటిదయ్యా. అతుకుల్ని దాస్తుంది, జిగురుని పట్టనివ్వదు" అనేవారు.

ఆయన చేసిన అవమానాలు ఒక్కటీ మరవలేదు. ఒకసారి గుంటూరు మిర్చి యార్డులో కాయలు అమ్ముకుని తిన్నగా వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలోనే ఆపేశారు. లోపల రంగు తడిగా ఉందట, నా చొక్కా మీది మిరప ధూళి దాని మీద వాలుతుందట. వీధిలో నిలబడి చొక్కా విప్పి దులుపుకున్నాను. ఎదురింటివాళ్ళు చూశారు. మిర్చి సీజనంతా ఆయన తలుపుకి తడి దుప్పటి కట్టి, నేల కడిగి గానీ రంగు ముట్టుకునేవారు కాదు. మంగళగిరిలో నలుగురం కలిసినప్పుడైతే, నా లారీని తిప్పి తిప్పి చూసి, ఇది ఏ పెళ్ళి బ్యాండు వాళ్ళదని అడిగారు.

అన్నిటినీ మించింది బంపరు సంగతి. అది పాతకాలపు కారు నమూనాది, ఇప్పుడు ఎక్కడా దొరకదు. చిన్న గీత ఒకటి అరగదీసి ఇమ్మని ఇచ్చాను. కాఫీ తాగి వచ్చేసరికి అది బ్లీచింగు నీళ్ళ గిన్నెలో మునిగి ఉంది. నా కళ్ళ ముందే వెండి మెరుపు పొగలా కరిగిపోయింది.

"ఎవర్ని అడిగి వేశారండీ?"

"అడిగితే వద్దంటావు కదయ్యా."

ఉన్నదాన్ని ఉన్నట్టు ఇమ్మని పట్టుబట్టాను. అంతకంటే బాగా ఇస్తానన్నారు. కింద మిగిలిన వార్నిషు గీకారు, అతుకులు అరగదీశారు, వెండిరంగు అద్దంలా మెరవాలంటే కింద ఉండాల్సిన నిగనిగలాడే నల్లరంగు వేశారు. అందులో నలక కనబడిందని మళ్ళీ మొత్తం కడిగేశారు. రెండో నలుపు ఆరుతుండగా ఆయన గుండె ఆగింది.

పెద్దకర్మ అయ్యాక, ఆయన భార్య అనసూయమ్మ గారు ఆ నల్లటి బంపరు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయన కలిపి ఉంచిన వెండిరంగు సీసా కూడా ఇచ్చారు. ఆయన కుర్చీలో కూర్చోమన్నారు. స్ప్రే గన్ను పట్టాను. పల్చగా, దూరం నుంచి, ఆయన తిట్టి నేర్పినట్టే కొట్టాను. నలుపు వెండి అయింది! ఇంకో పొరకి బంపరులో కిటికీ కనబడింది. మరో పొరకి కిటికీ ఊచలు కూడా. దుఃఖంలో ఉన్న ఇల్లని మరిచి కేక పెట్టాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని వెలుతురు వైపు తిప్పి చూశారు.

"ఈ మూల మందంగా పడిందన్నయ్య గారూ."

లేదన్నాను. ఆవిడ వాదించలేదు, కాస్త వంచి చూపించారు. పడింది.

"ఆయనైతే ఏం చేసేవారమ్మా?" అన్నాను, సమాధానం తెలిసే.

"ఉండండి, గిన్నె తెస్తాను."

అంత మెరుపునీ నా చేత్తో నేనే ముంచాను. కోటేశ్వరరావు గారూ, మీలాంటి చెయ్యి ఈ గడ్డ మీద మళ్ళీ చూడం. మీరు నన్ను పెట్టిన బాధల్లో ఇదే పెద్దది. ఇంత సంతోషంగా ఏ బాధా పడలేదు. మీకు నా నమస్కారం.