రెండు నల్ల తీగలు

ఆ పేటలో ఆమెను అందరూ సూదమ్మ అంటారు. పాత కారులో ఇల్లిల్లూ తిరిగి సూదిమందు వేసే నర్సు. ఎంత చేయి తిరిగినా, సీసా మీది పేరు మూడుసార్లు చదవనిదే సూది ముట్టదు. "ప్రేమలేఖనైనా ఎవరూ అన్నిసార్లు చదవరు" అని మామగారి ఎగతాళి.

ఆ ఉదయం తాళం తిప్పితే కారు టక్కుమని ఊరుకుంది. ఊరి చివర మంచం పట్టిన టీచరుగారు, తొమ్మిదికి ఆమె వచ్చి ఇన్సులిన్ వేస్తేనే ముద్ద ముడతారు. పోయినవారం ఆలస్యమైతే ఆకలికి తాళలేక కళ్ళు తిరిగి మంచం మీదే ఒరిగిపోయారు. బస్సు పదింటికిగానీ లేదు.

మామగారు బస్సుల గ్యారేజీలో మెకానిక్‌గా చేసి దిగిపోయినవాడు. బానెట్ ఎత్తి చూశాడు.

"బ్యాటరీ మొనల మీద తెల్లగా పొక్కు కట్టింది. తీగలు విప్పి, తుడిచి, బిగించాలి. నా చేతులు చూస్తున్నావుగా, వణుకుతున్నాయి. నువ్వే చెయ్యాలి."

"మామయ్యగారూ, నాకు మనుషుల నరాలు తెలుసుగానీ కార్ల నరాలు తెలీవు."

"మనుషులైతే అరుస్తారు. ఇది అరవదు, చురుక్కుమనిపిస్తుంది. తాళం తీసెయ్. గాజులూ ఉంగరమూ తియ్యి."

గాజులు వచ్చాయి. ఉంగరం సబ్బు రాస్తేగానీ కదల్లేదు. రబ్బరు తొడుగులు వేసుకుని పానా అందుకుంది.

"ముందు మైనస్. అది కారు ఒంటికి కలిసుంటుంది. అది ఊడాక పానా ఇనుముకు తగిలినా నిప్పు రాదు. పెట్టేటప్పుడు అది ఆఖరున."

"ఏది మైనస్?"

రెండు తీగలూ నల్లవే. ఎర్రది తెగినప్పుడు చేతికందిన నల్లదాన్ని వేసింది మామగారే.

"ఎడమది. కళ్ళు మూసుకుని చెబుతా."

"కళ్ళు తెరిచి చెప్పండి."

"ముప్పై ఏళ్ళ సర్వీసు! నాకు నేర్పుతావా?"

పానా ఎడమ నట్టు మీద పెట్టింది. చేయి ముందుకు పోలేదు. చదవని సీసాలోంచి మందు లాగుతున్నట్టనిపించింది. పానా పక్కన పెట్టి, పొడిగుడ్డతో బ్యాటరీ మీది దుమ్ము తుడిచింది. ఎడమ మొన పక్కన ప్లస్ గుర్తు తేలింది. కుడి తీగ వెంట కళ్ళతో వెళ్ళింది. అది కారు ఇనుముకే బిగించి ఉంది.

ఆయన వంగి చూశాడు. ముఖం వాడిపోయింది.

"పాత బ్యాటరీకి ఎడమదే... ఇది షాపువాళ్ళు మార్చారు" అని గొణిగి, చేతులు వెనక్కి దాచుకున్నాడు.

ఆమె పానా మళ్ళీ అందుకుంది.

"నాకు గుర్తు చదవడమే వచ్చు. తర్వాతేం చెయ్యాలో మీరే చెప్పాలి. చెప్పండి, ఎనిమిదింపావు దాటింది."

ఆయన ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. ఆమె మైనస్ విప్పి, మొనకు తగలకుండా గుడ్డ చుట్టి దూరంగా వంచింది. తర్వాత ప్లస్. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి, గుడ్డ ముంచి పిండి పొక్కు తుడిచి, ఆరబెట్టింది. మళ్ళీ ప్లస్ బిగించి, ఆఖరున మైనస్ ఆనించగానే చిన్న మెరుపు.

"అమ్మో!"

"ఏం కాలేదు తల్లీ, ఒక్కోసారి అంతే. కదలకుండా బిగించు."

తాళం తిప్పింది. ఒకసారి దగ్గి, కారు అందుకుంది.

తొమ్మిదికి మూడు నిమిషాలుండగా టీచరుగారి గుమ్మం ఎక్కింది. చేతులు రెండుసార్లు కడుక్కుని సీసా మూడుసార్లు చదివింది. ఆ మెరుపుకి పుట్టిన వేళ్ళ వణుకు ఇంకా తగ్గలేదు. టీచరుగారు ఆ వేళ్ళకేసి చూశారు.

"ఏమ్మా, ఇవాళ సూది నాకా, నీకా?"

"ఒక్క నిమిషం ఉండండి టీచరుగారూ" అని ఆమె గోడకానుకుని ఊపిరి పీల్చుకుంది.